నాగోల్ వైపు అత్తా కోడళ్ళ స్వగృహ: అరిసెలు అత్తగారివి, సకినాలు కోడలివి

హైదరాబాద్‌లో గల్లీకో స్వగృహ షాప్ ఉంది, మళ్ళీ ఇంకో పిండివంటల షాప్ మీద ఇంత పొడుగు రివ్యూ ఎందుకు అంటారేమో, నాకైతే దీని గురించి రాయకపోతే మనసు ఊరుకునేలా లేదు. నాగోల్ మెట్రో దాటి లోపలికి వెళ్తే ఒక కాలనీలో ఇంటి కింద పోర్షన్‌లో ఉంటుంది, ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో పొయ్యిలు. బోర్డు మీద పేరేమీ లేదు, స్వగృహ పిండివంటలు అని మాత్రం ఉంటుంది. ఫోన్ నంబరూ గల్లీ పేరూ పెట్టొద్దని కోడలు గారే అడిగారు, సంక్రాంతి ముందు వచ్చే ఆర్డర్లే చెయ్యలేక తిప్పి పంపుతున్నారట, అందుకని పెట్టట్లేదు. ఆ వైపు ఉండేవాళ్ళకి ఏ షాపో ఈపాటికే అర్థమై ఉంటుంది.

అత్తగారిది కోనసీమ, ఆత్రేయపురం పక్కన పల్లెటూరు. కోడలిది హుజూరాబాద్ వైపు. అబ్బాయీ అమ్మాయీ హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నారు, అత్తగారు కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు, అపార్ట్‌మెంట్‌లో పక్కవాళ్ళకి చేసిపెట్టడంతో మొదలైంది, తర్వాత కోడలు ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకే దిగింది. కథ అంతే, ఇందులో పెద్ద వింతేం లేదు, ఇలాంటి ఇళ్ళు ఇప్పుడు ఈ ఊళ్ళో బోలెడు. కానీ షాప్‌లోకి అడుగుపెట్టగానే ఒకటి కనిపిస్తుంది, అద్దాల బీరువాలో ఒక్కో రకానికి రెండేసి డబ్బాలు. చెక్కలు రెండు రకాలు, జంతికల పక్కన మురుకులు, నువ్వుల ఉండలు కూడా రెండు రకాలే. ఒకటి అత్తది, ఇంకోటి కోడలిది. ఎవరిది ఏదో రాసి ఉండదు, అడిగితే చెప్తారు, రెండు మూడుసార్లు తిన్నాక అడగక్కర్లేకుండా నోటికే తెలిసిపోతుంది.

ముందు సకినాల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ షాప్‌కి సగం జనం దానికోసమే వస్తారు. సకినం తెలియని కోస్తా వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. కొత్త బియ్యం రాత్రంతా నానబెట్టి, వడగట్టి, నీడన కాసేపు ఆరనిచ్చి, ఇంకా తడి ఉండగానే పిండి పట్టిస్తారు, అందులో తెల్ల నువ్వులు, వాము, ఉప్పు, అంతే, ఇంకేం వెయ్యరు. ఆ పిండిని నీళ్ళతో కలిపి, ఉతికిన కాటన్ బట్ట నేలమీద పరిచి, వేళ్ళ మధ్య నుంచి సన్నగా మెలి తిప్పుతూ చుట్టు మీద చుట్టు వేస్తారు. బట్ట ఆ తడిని కొంచెం పీల్చుకున్నాక మెల్లగా లేపి నూనెలో వేస్తారు. ఆ మెలి తిప్పడంలోనే ఉంది మొత్తం పనితనం. పిండి పలచనైతే చుట్టు నిలబడదు, గట్టిగా ఉంటే తెగిపోతుంది, చెయ్యి ఆగిందా అక్కడ ముడి పడుతుంది. చాలా షాపుల్లో ఇప్పుడు గొట్టంలో పెట్టి నొక్కేస్తున్నారు, మెలిక ఉండదు, చూడ్డానికి సకినంలానే ఉంటుంది, కొరికితే జంతిక. ఇక్కడ ప్రతిదీ చేత్తో తిప్పినదే, చుట్లు చూస్తే తెలిసిపోతుంది, కొంచెం ఎగుడుదిగుడు ఉంటాయి. రంగు తెలుపు మీద ఉంటుంది, ఎర్రగా మాడ్చరు. రెండు వేళ్ళ మధ్య పెట్టి కొంచెం నొక్కితే టప్పున విరుగుతుంది, చేతికి నూనె అంటదు, నోట్లో ముందు నువ్వులు తగుల్తాయి, మింగాక వాము ఘాటు నిలుస్తుంది. మా అత్తగారి ఊరు జనగామ వైపు, అక్కడ పండక్కి తిన్న సకినాల తర్వాత నాకు మళ్ళీ అంత తృప్తిగా అనిపించినవి ఇవే.

ఈ సకినాల మీదే అత్తాకోడళ్ళకి మొదట్లో పెద్ద వాదన అయిందట. నేను అక్కడ కూర్చుని ఉన్నప్పుడు కోడలే చెప్పింది, అత్తగారు పక్కనే ఉండి వింటూ నవ్వుతున్నారు. కోనసీమలో జంతికల పిండిలో వెన్న వెయ్యడం అలవాటు, గుల్లగా వస్తాయి కదా, అత్తగారికి సకినాలు గట్టిగా అనిపించి, ఇందులో కూడా కాస్త వెన్నపూస కలపమ్మాయ్ అన్నారట. కోడలు ససేమిరా అంది. "ఎన్న ఏస్తే అవి సకినాలు కావు అత్తమ్మా, మా అమ్మ సూస్తే ఇవేంటివే అంటది" అని చెప్పేసిందట. అత్తగారు నాలుగు రోజులు మాట్లాడలేదట. కానీ అదే అత్తగారు ఇంకో మాట కూడా చెప్పారు, అరిసెల పిండిలాగే దీన్నీ రెండుసార్లు జల్లెడ పట్టు, మెలి తెగదు అని. అది కోడలు విన్నది, చేసి చూసింది, నిజంగానే తెగడం తగ్గింది, అప్పట్నుంచి ఇప్పటిదాకా రెండుసార్లు జల్లిస్తున్నారు. నాకు ఈ షాప్ మీద ఇంత ప్రేమ ఎందుకంటే ఇదిగో ఇందుకే. వెన్న వద్దంది, జల్లెడ తీసుకుంది. ఏది తీసుకుంటే తన వంట తన వంటగానే ఉండి ఇంకా బాగుపడుతుందో, ఏది తీసుకుంటే అది ఇంకేదో అయిపోతుందో ఆ అమ్మాయికి తెలుసు, పెద్దావిడ చెప్పింది కదా అని అన్నిటికీ తలూపలేదు, అత్తగారు చెప్పింది కదా అని అన్నిటికీ మొండికెయ్యనూ లేదు.

అత్తగారికి సకినాలు తిప్పడం ఈరోజుకీ సరిగ్గా రాదు. నేర్చుకున్నారు, చుట్లు వేస్తారు, కానీ వంకర పోతాయి, అవి అమ్మకానికి పెట్టరు, ఇంట్లో తినడానికి. అమ్మే సకినాలకి ఆవిడ బియ్యం కడగడం, ఆరబెట్టడం, పిండి జల్లించడం, బట్టలు ఉతికి పరవడం చూస్తారు. "నాకు రాదండి, అది అమ్మాయి చెయ్యి" అని కస్టమర్ల ముందే చెప్తారు, ఆ మాటలో చిన్నతనం ఏమీ ఉండదు.

ఇక అరిసెలు. ఇది పూర్తిగా పెద్దావిడ రాజ్యం. తెలంగాణలో కూడా అరిసెలు చేస్తారు, చెయ్యరని కాదు, కానీ ఈవిడ చేసేవి నా చిన్నప్పుడు రావులపాలెంలో మా అమ్మమ్మ చేసినవాటికి దగ్గరగా ఉంటాయి. బియ్యం ఒక రోజు పైన నానాలి, మధ్యలో నీళ్ళు మారుస్తూ ఉండాలి లేకపోతే పులిసిన వాసన వస్తుంది. పిండి తడి ఆరకముందే పాకంలో పడాలి. అనకాపల్లి బెల్లమే వాడతారు, మరీ తెల్లగా మెరిసే బెల్లం వస్తే వెనక్కి పంపేస్తారట. పాకం చుక్క నీళ్ళలో వేస్తే చేతికి మెత్తటి ఉండ కట్టాలి, అక్కడ క్షణం అటూ ఇటూ అయితే మొత్తం పాడు, లేతగా ఉంటే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే మర్నాటికి పళ్ళు కదుల్తాయి. ఇవి మూడో వారంలో కూడా మెత్తగానే ఉన్నాయి మా ఇంట్లో, వేలితో నొక్కితే దిగుతుంది, నువ్వులు రాలిపోవు, నెయ్యి వాసన వేరే తెలుస్తుంది.

అరిసెలు చేసేవాళ్ళందరికీ తెలిసిన విషయం ఒకటుంది, పాకం ఒక్కరితో అయ్యే పని కాదు. ఒకరు గరిటె ఆపకుండా తిప్పుతూ ఉండాలి, ఇంకొకరు పిండి కొంచెం కొంచెంగా పొయ్యాలి, ఒకేసారి పోస్తే ఉండలు కడుతుంది, ఆలస్యమైతే పాకం ముదిరిపోతుంది. వేయించేటప్పుడూ అంతే, ఒకరు ఒత్తి వేస్తుంటే ఇంకొకరు తీసి చెక్క పలకల మధ్య నొక్కి నూనె పిండాలి. ఈ షాప్‌లో తిప్పేది అత్తగారు, పోసేది కోడలు. నేను చూశాను, ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోరు ఆ పది నిమిషాలు. పెద్దావిడ గరిటె తిప్పే వేగం తగ్గితే ఈ అమ్మాయి పొయ్యడం ఆపుతుంది, మళ్ళీ వేగం అందుకుంటే మళ్ళీ పోస్తుంది. కోడలు ఈ పని పెళ్ళయ్యాకే నేర్చుకుంది. ఇప్పుడు పాకం రంగు చూసి అత్తగారి కంటే ముందు తనే "అయింది అత్తమ్మా" అంటుంది. కానీ గరిటె మాత్రం తీసుకోదు. అడిగితే "అది ఆమె చెయ్యి" అంటుంది, ఇందాక పెద్దావిడ సకినాల గురించి అన్న మాటే.

నాకు ఇందులో బాగా నచ్చేది, వీళ్ళిద్దరి వంటా ఒకరి వల్ల ఒకరిది మారింది, కానీ కలిసిపోలేదు. చెక్కల డబ్బాలు తీసుకోండి. అత్తగారి పప్పు చెక్కలు పల్చగా, పెసరపప్పు వేసి, నోట్లో పెడితే కరిగేలా ఉంటాయి. కోడలివి కొంచెం మందం, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, శనగపప్పు, కొరకడానికి కాస్త బలం కావాలి. ఇదివరకు అత్తగారు ఎండుకారం వేసేవారట, కోడలు పచ్చిమిర్చీ వెల్లుల్లీ కలిపి నూరి వెయ్యడం చూసి ఆవిడ కూడా అలాగే మొదలుపెట్టారు, నిజం చెప్పాలంటే దానివల్ల ఆ చెక్కల రుచి ఒక మెట్టు పైకెక్కింది, ఎండుకారం చెక్కలు తినేసరికి గొంతులో పొడిపొడిగా పట్టుకునేది, ఇది అలా ఉండదు. అయినా అవి ఇప్పటికీ కోనసీమ చెక్కలే, కళ్ళు మూసుకుని తిన్నా చెప్పేస్తాను. కోడలివి కూడా ముందు కంటే కాస్త పల్చబడ్డాయని పాత కస్టమర్ ఒకాయన నాతో అన్నారు, అది నాకు తెలియదు గానీ ఉన్నవి మాత్రం బ్రహ్మాండం, సాయంత్రం టీతో పాటు ఇవే మా ఆయన ఓటు.

ఇది రాస్తుంటే నా సంగతి కొంచెం చెప్పకుండా ఉండలేకపోతున్నాను. నాది గోదావరి, మా ఆయనది జనగామ. పెళ్ళైన కొత్తలో మా అత్తగారింట్లో పచ్చి పులుసు చూసి ఇది చారు కాదు, పులుసు కాదు, కాచకుండా ఎలా తింటారు అనుకున్నాను. ఇప్పుడు ఎండాకాలం వస్తే వారానికి నాలుగు రోజులు అదే, మిరపకాయలు నిప్పుల మీద కాల్చి నలిపి, నువ్వుల పొడి వేసి, ఉల్లిపాయ చేత్తో పిసికి, మా అత్తగారు ఎలా చేస్తారో అలాగే. మా ఆయనకి పనసపొట్టు కూర అంటే ఏంటో తెలియదు, ఇప్పుడు మా అమ్మ ఆవ పెట్టి చేస్తే గిన్నె వదలడు. కానీ నా ఆవకాయ మా అమ్మ కొలతే, అందులో ఎవరు చెప్పినా చెయ్యి మార్చను, పండక్కి మా ఇంట్లో సకినాలూ ఉంటాయి, అరిసెలూ ఉంటాయి. మా అత్తగారి వైపు వాళ్ళు నువ్వు అచ్చం మా పిల్లవైపోయావు అంటారు, ప్రేమతోనే అంటారు, నాకు సంతోషంగానే ఉంటుంది, కానీ లోపల ఎక్కడో చిన్న ములుకు. మా పుట్టింటికి వెళ్తే నీ మాటంతా మారిపోయిందే అంటారు, అక్కడా అదే ములుకు. నేను ఎటూ కాకుండా పోయానా అని కొన్నాళ్ళు నిజంగా బాధపడ్డాను. ఆ షాప్ వెనక గదిలో కూర్చుని వాళ్ళిద్దరినీ చూశాక ఆ బాధ చాలావరకు పోయింది. మారడం వేరు, పోగొట్టుకోవడం వేరు. కోడలికి అరిసెల పాకం వచ్చినంత మాత్రాన సకినాల చెయ్యి పోలేదు. ఇంకా చెప్పాలంటే అరిసెలు నేర్చుకున్నాకే తన సకినాల మీద తనకి ఇంకా పట్టుదల పెరిగిందని ఆ అమ్మాయే అంది, పక్కన ఇంకో వంట ఉన్నప్పుడే నా వంటేంటో నాకు బాగా తెల్సింది అక్కా అంది.

మొన్న మా ఆడపడుచు కూతురి పెళ్ళికి సారె ఆర్డర్ ఇక్కడే ఇచ్చాం. పెళ్ళికొడుకు వాళ్ళది భీమవరం. ముందు ఇంకో చోట అడిగాం, పేరు వద్దులే, వాళ్ళు రెడీమేడ్ సారె ప్యాకేజీ అని ఒక లిస్ట్ ఇచ్చారు, ఇన్ని రకాలు, ఇన్ని కిలోలు, ఇంత రేటు, ఎవరింటికైనా అదే. ఇక్కడికి వస్తే పెద్దావిడ ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, పిల్లది ఏ ఊరు, అబ్బాయిది ఏ ఊరు, వాళ్ళింట్లో పెద్దవాళ్ళు ఉన్నారా, పళ్ళున్నాయా, షుగర్ ఉందా అని అన్నీ అడిగారు. మా ఆడపడుచు భయపడుతూ, వాళ్ళు ఆంధ్రా వాళ్ళు కదా పిన్నిగారూ, సకినాలు తక్కువ పెట్టి అరిసెలు, సున్నుండలు, కాజాలు ఎక్కువ పెడదామా, వాళ్ళకి నచ్చేవి పెట్టాలి కదా అంది. ఆవిడ వెంటనే, "అరిసెలు వాళ్ళింట్లోనూ చేసుకుంటారమ్మా. సకినాలు బాగా పెట్టండి. పిల్ల ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆళ్ళకి తెలియాలి కదండీ" అన్నారు. కోనసీమావిడ అన్న మాట ఇది, తన అరిసెల ఆర్డర్ తగ్గించుకుని మరీ. లోపల్నుంచి కోడలు, "గవ్వలు కూడ పెట్టుండ్రి, ఆ ఇంట్ల ముసలోళ్ళకు మన తరపున ఆళ్ళకు తెల్సింది ఒక్కటన్నా ఉండాలె" అంది. మా ఆడపడుచు అక్కడే కళ్ళు తుడుచుకుంది. చివరికి సకినాలు ఎక్కువ, అరిసెలు కొద్దిగా, బెల్లం గవ్వలు, సున్నుండలు, రెండు రకాల చెక్కలు పెట్టించాం. భీమవరం వాళ్ళింట్లో ముందు అయిపోయినవి సకినాలేనట, పెళ్ళికొడుకు నాయనమ్మ ఫోన్ చేయించి మరీ ఇవి ఎలా చేస్తారని అడిగారు.

పూతరేకులు ఉంటాయి, కానీ ఇక్కడ చెయ్యరు, ఆ మాట దాచకుండా చెప్తారు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ ట్యాగ్, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అనే గుర్తింపు, వచ్చింది, అప్పట్నుంచి జనం ఇంకా ఎక్కువగా అడుగుతున్నారు, ఇక్కడే చేసి అమ్మితే లాభమే. పెద్దావిడకి రేకు తియ్యడం వచ్చు కూడా, బోర్లించిన కుండ కింద మంట పెట్టి, బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ కుండ మీద ఒక్కసారి అలా లాగితే పొర వచ్చేస్తుంది, చిన్నప్పుడు ఇంట్లో చేసేవారట. కానీ ఆ కుండ, ఆ మంట, రోజంతా దాని ముందు కూర్చునే మనుషులు ఇక్కడ లేరు, గ్యాస్ మీద తీస్తే నాకే నచ్చదండి అంటారు. ఊరి నుంచి బస్సులో తెప్పిస్తారు, వచ్చిన రోజు వచ్చినన్ని, అయిపోతే లేవు. బెల్లం నెయ్యి వేసినవి తీసుకోండి, పంచదారవి నాకు అంతగా ఎక్కలేదు.

బతుకమ్మ రోజుల్లో వెళ్తే షాప్ మొత్తం కోడలి చేతిలో ఉంటుంది. సద్దుల బతుకమ్మకి మలీద ముద్దలు, నువ్వుల సద్ది, పల్లీల సద్ది, పెసర సద్ది చేస్తుంది, అవి మాత్రం ముందే చెప్పాలి, ఆ ఒక్క రోజే ఇస్తారు. రొట్టెలు కాల్చి, నలిపి, బెల్లం కలిపి ముద్ద చేసే మలీద కోనసీమ ఇళ్ళలో లేదు, పెద్దావిడకి ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఇప్పుడు నువ్వులు వేయించే పని ఆవిడదే, సన్న సెగ మీద చిటపటలాడకుండా, సున్నుండలకి పొట్టు మినుములు వేయించిన చెయ్యి కదా, ఆ ఓపిక దీనికీ పనికొచ్చింది. సాయంత్రం కాలనీ వాళ్ళు బతుకమ్మ ఆడుతుంటే ఆవిడ కూడా వెళ్తారట, పాటలు రావు, చప్పట్లు కొడుతూ తిరుగుతారట. అట్లతద్దికి కోడలు అట్లు పోస్తుంది, తెల్లవారుజామున లేచి గోంగూర పచ్చడీ పెరుగన్నం తిని మరీ. నేను విన్నది మీకు చెప్తున్నాను, వాళ్ళు దీన్ని గొప్పగా చెప్పుకోలేదు, మామూలుగా మాటల్లో వచ్చింది.

ఇప్పుడు నచ్చనివి. కజ్జికాయలు బాలేవు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పైన పొర మందంగా ఉంది, లోపల కొబ్బరి తక్కువ రవ్వ ఎక్కువ, ఇద్దరిలో ఎవరి వంటో కూడా తెలియదు, నాకు తెలిసి ఎవరి మనసూ అందులో లేదు, కస్టమర్లు అడుగుతున్నారని పెట్టినట్టుంది. మిక్చర్ కూడా అంతే, బయట ఎక్కడైనా దొరికేదే. సారె ప్యాకింగ్ బాగా చేశారు గానీ మామూలుగా అరకిలో కొంటే పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి ఇస్తారు, ఇంటికి వచ్చేసరికి సకినాల్లో పావు వంతు పొడి అయిపోతుంది, అంత కష్టపడి తిప్పినవి ఇలా విరిగిపోతుంటే చూసేవాళ్ళకే ప్రాణం ఉసూరుమంటుంది, ఇది వాళ్ళకి చెప్పాను కూడా, అట్టపెట్టెలు తెప్పిస్తామన్నారు. పండగ రోజుల్లో ఇచ్చిన టైమ్‌కి సరుకు ఇవ్వడం కష్టమే, సాయంత్రం ఆరు అంటే రాత్రి ఎనిమిది అని మీరే అనుకుని వెళ్ళండి. పార్కింగ్ లేదు. డెలివరీ యాప్‌లో లేరు. కారాలు హుజూరాబాద్ లెక్కలో ఉంటాయి, చిన్నపిల్లలకి కొంటే అత్తగారి డబ్బాల్లోవే తీసుకోండి.

ఒకసారి నేను ఉండగానే ఒక కుర్రాడు వచ్చి చాక్లెట్ అరిసెలు, చీజ్ సకినాలు చేస్తే వీడియో తీసి పెడతాను, బాగా వెళ్తాయి అన్నాడు. మంచిగానే చెప్పాడు పాపం, వాళ్ళ వ్యాపారం పెరగాలనే. అత్తా కోడళ్ళు ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. ఇద్దరి వంటా కలిపి ఒక్కటి చేయొచ్చు కదా, సకినాల్లో బెల్లం వేసి, అని అతను ఇంకో ఐడియా ఇచ్చాడు. దానికి కోడలు, రెండు పక్కపక్కన పెట్టుకొని తింటే ఏమైతది తమ్ముడూ అని ఒక ప్లేట్‌లో సగం అరిసె, ఒక సకినం పెట్టి ఇచ్చింది. నిజంగానే ఆ రెండూ కలిపి తింటే భలే ఉంటుంది, తీపి ముక్క ఒకటి, ఉప్పటిది ఒకటి, మార్చి మార్చి తినండి, మా ఇంట్లో ఇప్పుడు పిల్లలు అలాగే తింటున్నారు.

నూనె విషయంలో నాకు పట్టింపు ఎక్కువ కాబట్టి అది కూడా చూశాను. వేరుశనగ నూనె వాడతారు, డబ్బాలు కళ్ళముందే ఉంటాయి. నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే మళ్ళీ మళ్ళీ కాచేకొద్దీ పెరిగే చెడు పదార్థాలు, 25 శాతం దాటితే ఇక ఆ నూనె వంటకి వాడకూడదని 2018 జులై 1 నుంచి ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రూల్ ఉంది, కానీ మనం షాప్‌కి వెళ్ళి మీటర్ పెట్టి చూడలేం కదా, నేను చూసేది వాసన, నురగ, రంగు. ఇక్కడ మూకుడులో నూనె నల్లబడటం నేను చూడలేదు, పది రోజుల తర్వాత డబ్బా మూత తీసినా ముక్కిన వాసన రాలేదు. విడిగా అమ్మే స్వీట్లకి ఎప్పటిలోపు తినాలో తేదీ పెట్టాలని 2020 అక్టోబర్ 1 నుంచి ఉన్న రూల్ చాలా చోట్ల ఎవరూ పట్టించుకోరు, వీళ్ళు చిన్న పలక మీద సుద్దముక్కతో చేసిన రోజు, తినాల్సిన రోజు రాసి ప్రతి ట్రే ముందు పెడతారు. లైసెన్స్ కాయితం, 14 అంకెల నంబరుతో, గల్లాపెట్టె పైన గోడకి ఉంది.

రేట్లు, నేను కొన్నప్పుడు: సకినాలు కిలో 560, అరిసెలు 520, సున్నుండలు 640, చెక్కలు రెండు రకాలూ 420. కాలనీ షాపులతో పోలిస్తే ఎక్కువే. చేత్తో తిప్పిన సకినానికి ఆ రేటు నాకైతే అన్యాయం అనిపించలేదు, నాలుగు గంటలు నేల మీద కూర్చుంటే ఎన్ని కిలోలు అవుతాయో తిప్పినవాళ్ళకే తెలుసు. సహాయానికి ఇద్దరు ఆడవాళ్ళు వస్తారు, వాళ్ళకి కూడా ఇక్కడే నేర్పించారు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు సకినాలు పావుకిలో, అరిసెలు పావుకిలో, చెక్కలు రెండు డబ్బాల్లోంచీ కలిపి పావుకిలో తీసుకోండి, కజ్జికాయల జోలికి వెళ్ళకండి. ఇంటి నుంచి గట్టి డబ్బా పట్టుకెళ్తే సకినాలు విరగవు. ఉదయం పదకొండు లోపు వెళ్తే వేడివి దొరుకుతాయి, మంగళవారం సెలవు. పెళ్ళి సారె అయితే కనీసం మూడు వారాల ముందు వెళ్ళి చెప్పండి, ఫోన్‌లో చెప్తే తీసుకోరు, మనుషులు రావాలి, రెండు వైపుల ఊళ్ళ పేర్లూ చెప్పాలి, ఏ డబ్బాలో ఏది ఎంత పెట్టాలో పెద్దావిడ ఆ తర్వాతే పుస్తకంలో రాస్తారు. సంక్రాంతి ఆర్డర్లు డిసెంబర్ చివరికల్లా ఆపేస్తారు. 5కి 4.5 ఇస్తున్నాను, ఆ అర కజ్జికాయలకీ ప్లాస్టిక్ కవర్లకీ.